తోమిన పగడాలు

కువైట్ నుంచి తిరిగొచ్చిన రోజున అమ్మాజీ తాటిపాకలో తన రెండు గదుల స్లాబింటి గుమ్మంలో నిలబడి ఒట్టు పెట్టుకుంది, ఇంక చచ్చినా ఒకరింటి అంట్లు ముట్టుకోనని. అక్కడొకరింట్లో ఏడేళ్ళు తోమింది మరి. అరవై మంది తిన్న విందుల పళ్ళేలు తోమింది, మనిషి పట్టేంత డేగిసాలు తోమింది, ఆ ఇంటి ముసలావిడ ఉమ్మిన గిన్నెలు తోమింది. వేళ్ళ మీద చర్మం ఊడి, మళ్ళీ పుట్టి, మళ్ళీ ఊడింది. ఆ ఏడేళ్ళలో ఆమె మనిషిలా బతికింది రోజుకి రెండు గంటలు. ఆ రెండు గంటలూ హాల్లో గోడ పొడుగునా ఉన్న అక్వేరియం దగ్గర గడిచేవి.

అక్వేరియం అంటే బంగారుచేపలు తిరిగే గాజుపెట్టె కాదు. అది ఉప్పునీళ్ళ పెట్టె. అందులో రాళ్ళు, రాళ్ళ మీద ప్రాణమున్న పగడాలు. గోధుమరంగువి, ఆకుపచ్చవి, వంకాయరంగువి, పువ్వులా విచ్చుకునేవి, చెయ్యి పెడితే ముడుచుకునేవి. చూసేవాళ్ళకి మొక్కల్లా ఉంటాయి గాని మొక్కలు కావు, చిన్న చిన్న జీవాల గుంపులు. వాటి ఒంట్లో కంటికి ఆననంత సన్నటి నాచు కాపురముంటుంది. వెలుగు పడితే ఆ నాచు వండి పెడుతుంది, పగడం తింటుంది. రంగంతా ఆ నాచుదే. వెలుగు తక్కువైతే వంట ఉండదు. మరీ ఎక్కువైతే ఆ నాచే విషమవుతుంది, పగడం దాన్ని బయటికి గెంటేసి, తెల్లగా పాలిపోయి, పస్తులుండి చస్తుంది.

ఇదంతా అమ్మాజీకి ఏ బడిలోనూ చెప్పలేదు. ఆమె వెళ్ళిన రెండో ఏడు ఎండాకాలంలో ఇంటివాళ్ళు ఊరెళ్ళినప్పుడు నీళ్ళు చల్లబరిచే మిషను ఆగిపోయింది. తిరిగొచ్చేసరికి సగం పగడాలు సున్నంలా తెల్లబడి ఉన్నాయి. పనివాళ్ళందరూ బాబా అని పిలిచే ఆ ఇంటి యజమాని పెట్టె ముందు నేలమీద కూర్చుని ఏడ్చాడు. ఆ మర్నాటి నుంచి, అప్పటిదాకా అద్దాలు తుడవడానికే ఉన్న అమ్మాజీని పక్కన నిలబెట్టి, నెలకోసారి వచ్చే ఫిలిప్పీన్స్ మెకానిక్కు చేత పని నేర్పించాడు. ఐదో ఏటికి ఆ మెకానిక్కే వచ్చి, లైటు ఎంత ఎత్తున కట్టమంటావని అమ్మాజీని అడిగేవాడు. పిడికెడు పగడం నుంచి ముక్కలు తీసి, రాళ్ళకి అంటించి, ఆమె పదకొండు పెంచింది. చుట్టాలొస్తే బాబా ఆమెని పిలిచి, వీటి తల్లి ఈవిడేనని చూపించేవాడు. అంట్ల దగ్గర్నుంచి తడిచేతులతో వచ్చి నిలబడేది అమ్మాజీ.

అందుకే తొంభైతొమ్మిదిలో రాజోలు నుంచి బుల్లిరాజు గారు కబురు పెడితే, ఎందుకో తెలిశాక, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని మరీ వెళ్ళింది.

బుల్లిరాజు గారు చెడ్డవారు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే మొదటి రోజే తెలిసిపోయేది, అమ్మాజీ తన దారి తను చూసుకునేది. ఆయనకి అంతర్వేది వైపు సముద్రపొడ్డున రొయ్యపిల్లల హేచరీ ఉంది. మేత కంపెనీవాళ్ళు సింగపూర్ తీసుకెళితే అక్కడ హోటల్లో పగడాల అక్వేరియం చూసి, గంటసేపు దాని ముందు నుంచి కదల్లేదు. కట్టిస్తున్న కొత్తింటి హాల్లో అలాంటిదే పెట్టాలని అక్కడే అనుకున్నారు.

"నువ్వు కువైట్‌లో అవే చూసేవంట కదమ్మా?" అన్నారు.

"ఆయ్. ఏడేళ్ళు చూసేనండి."

"అయితే ఇదీ నువ్వే చూడాలి. మా ఇంట్లో అంట్లకీ గుడ్డలకీ మనుషులున్నారు. నువ్వు వంటింటి గడప తొక్కక్కర్లేదు. అక్వేరియమే నీ పని. అందులో నీ మాటే మాట."

ఆ మాట పట్టుకుని అమ్మాజీ రాజోలు నుంచి తాటిపాక దాకా నడిచొచ్చింది. ఆటో ఎక్కాలన్న సంగతే తోచలేదు. నలభై ఏళ్ళ బతుకులో ఆమె మాట మాటైన చోటు ఇదొక్కటే. ఆ పెట్టె బతికితే అక్వేరియం అమ్మాజీ. చస్తే మళ్ళీ అంట్ల అమ్మాజీ. ఆమె లెక్క ఇంతే.

పెట్టె వచ్చింది. ఎనిమిదడుగుల పొడవు, మూడు పక్కలా గాజు. హేచరీలో వడగట్టిన సముద్రపు నీళ్ళు లారీ ట్యాంకరులో వచ్చాయి. ఇసుక, రాళ్ళు, పంపులు అన్నీ కుదిరాయి. నీళ్ళు తేటపడి నెలన్నర నిలవున్నాయి. ఇంతవరకూ ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. తర్వాత లైట్ల దగ్గరికొచ్చింది విషయం. నాగబాబు అప్పుడే తగలడ్డాడు.

నాగబాబు బుల్లిరాజు గారి భార్య కామాక్షికి తమ్ముడు. వైజాగ్‌లో ఎమ్మెస్సీ చదివాడు, హేచరీకి మేనేజరు. ఆ చదువు గురించి అతను చెప్పక్కర్లేదు, అతని నడకే చెబుతుంది. హేచరీలో రొయ్యపిల్లలకి మేతగా నాచు పెంచే గది ఒకటుంటుంది. చల్లటి గది, వరసగా గాజు సీసాలు, సీసాల వెనక ట్యూబ్‌లైట్లు. ఆ లైట్లు రాత్రీ పగలూ ఆరవు. ఆరితే నాచు పడిపోతుంది, నాచు పడిపోతే పిల్లలకి తిండి ఉండదు. ఎనిమిదేళ్ళుగా నాగబాబు ఆ ఆరని లైట్ల చుట్టూనే తిరిగాడు. పగడంలో నాచుంటుందని ఎవరో చెప్పగానే అతనికి ప్రపంచమంతా అర్థమైపోయింది.

ఆ రోజు అతను రెండు పెద్ద ఫ్లడ్‌లైట్లు మోయించుకొచ్చాడు. హేచరీ ఆవరణలో స్తంభాలకి కడతారే, అవి. వాటితోపాటు డజను ట్యూబ్‌లైట్లు. పెట్టెకి రెండడుగుల పైన కట్టమని ఎలక్ట్రీషియన్‌కి చెబుతుంటే అమ్మాజీ దగ్గరికెళ్ళి డబ్బా తిప్పి చూసింది.

"నాగబాబుగారండీ, ఇవి కాదండి. కువైట్‌లో లైటు డబ్బా మీద పదివేలని అంకె ఉండేదండి. దీని మీద నాలుగువేలుంది. ఇది పసుప్పచ్చగా వస్తదండి, మాడ్చేస్తది. తెల్లదొకటి, నీలందొకటి, రెండు రకాలుండాలండి."

"పదివేలా? రేటేమో చూసుకున్నావా అమ్మాజీ?" అన్నాడు నాగబాబు. ఎలక్ట్రీషియన్ నవ్వాడు. యజమాని బావమరిది జోకేస్తే నవ్వకుండా ఎవరుంటారు.

"రేటు కాదండి, వెలుగు రంగండి. పొద్దున్న ముందు నీలం వెయ్యాలండి. గంట పోయేక తెల్లది. సాయంత్రం మళ్ళీ నీలం. అంతా కలిపి పదిగంటలు, ఆపైన చీకటండి. కొత్తగా వచ్చినవాటికైతే మధ్యన పల్చటి గుడ్డ నాలుగు మడతలు కట్టి, నాలుగు రోజులకో మడత తీస్తా..."

"చీకటా? దేనికి, నిద్రపోడానికా? జోల నువ్వు పాడతావా?"

"నిద్రేనండి," అంది అమ్మాజీ. ఆమెకి ఇందులో నవ్వేదేముందో తెలియలేదు.

నాగబాబు బావగారి వైపు తిరిగాడు. "చూడండి బావగారూ. కోరల్‌కి అన్నం పెట్టేది నాచు. నాచు మన పని. నాచుకి లైటు ఎంతుంటే అంత మంచిది, ఇరవైనాలుగ్గంటలుంటే ఇంకా మంచిది. మన రూములో ఎనిమిదేళ్ళ నుంచి ఒక్క గంట ఆపేమా?"

"సీసాలో నాచు వేరండి, ఒంట్లో నాచు వేరండి," అంది అమ్మాజీ.

"ఒంట్లో నాచు! ఇదెక్కడి సబ్జెక్టమ్మా? నేను చదివిన పుస్తకాల్లో లేదే."

అమ్మాజీ బుల్లిరాజు గారి మొహంలోకి చూసింది. ఆయన పేపరు మడత పెడుతున్నారు. మడిచిందే మళ్ళీ మడుస్తున్నారు.

"అక్వేరియంలో నీ మాటే మాటన్నారు కదండి," అంది.

"నీ మాటేనమ్మా, కాదనలేదు. కాని లైట్లంటే కరెంటు పని కదా. నాగబాబు చదువుకున్నాడు..."

అమ్మాజీకి ఒళ్ళు మండిపోయింది. వెలుగు విషయంలో తన మాట చెల్లకపోతే ఇంక దేంట్లో చెల్లుతుంది? గుడ్డతో ఎడమ నుంచి కుడికి తుడవాలా, కుడి నుంచి ఎడమకి తుడవాలా, అందులోనా? ఆ మాటే అనేద్దామనుకుంది. అంటే పని పోతుంది. నోరు నొక్కుకుని నిలబడింది. తర్వాత చాలా రోజులు ఆ నిలబడినందుకు తనని తాను తిట్టుకుంది.

గృహప్రవేశానికి పన్నెండు రోజుల ముందు మద్రాసు నుంచి పగడాలొచ్చాయి. థర్మాకోల్ పెట్టెల్లో, సంచీకొకటి చొప్పున. అమ్మాజీ ఒక్కొక్క సంచీ నీళ్ళమీద తేలేసి, గంటసేపు ఓపిక పట్టి, పెట్టెలోపలి నీళ్ళకి అలవాటు చేసి, చేత్తో రాళ్ళ మీద కూర్చోబెట్టింది. మొత్తం పంతొమ్మిది. గోధుమరంగు కొమ్ములవి, ఆకుపచ్చ బుడగలవి, ఒక వంకాయరంగుది చేతివేళ్ళలా. మధ్యాహ్నానికి ఒకటి మెల్లగా విచ్చుకుంది. అమ్మాజీకి కళ్ళు చెమర్చాయి. రెండేళ్ళుగా ఎవరితోనూ మాట్లాడని అరబ్బీలో వాటితో ఏదో అంది.

కొత్తింటి పనులు చూడ్డానికి వచ్చిన కామాక్షి పెట్టెలోకి చూసి మొహం చిట్లించింది.

"ఇవేంటే, బురదరంగు? పగడాలంటే ఎర్రగానైనా ఉండాలి, తెల్లగానైనా ఉండాలి. మా పెద్దమ్మగారింట్లో షోకేసులో ఉంది, రామేశ్వరం నుంచి తెచ్చేరు. మల్లెపూవులా ఉంటది."

"అది చచ్చిపోయిందండి అమ్మగారూ. ఎముక అది. బతికున్నవి ఇలాగే ఉంటాయండి."

"కొత్తింట్లో చావు మాటలెందుకే," అంది కామాక్షి. ఆవిడ అటు తిరిగింది, విషయం అక్కడితో అయిపోయింది ఆవిడకి.

ఫ్లడ్‌లైట్లు వెలిగాయి. హాలంతా సినిమా షూటింగులా అయిపోయింది. పాలిష్ పట్టే పనివాళ్ళు ఆగి చూశారు. పగడాలు విచ్చుకున్నవి విచ్చుకున్నట్టే ముడుచుకున్నాయి. సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ అమ్మాజీ లైట్లు ఆపింది. పొద్దున్న వచ్చేసరికి వెలుగుతున్నాయి. వాచ్‌మన్ని అడిగితే, నాగబాబుగారి ఆర్డరన్నాడు. రెండో రోజు అంతే. మూడో రోజు నాగబాబు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి స్విచ్చు పీకించి, వైర్లు డైరెక్టుగా కలిపించాడు. ఆపాలంటే ఇంటి మెయిన్ స్విచ్చే తియ్యాలి.

"ఇప్పుడు జోల పాడు," అన్నాడు అమ్మాజీతో.

నాలుగో రోజుకి గోధుమరంగు పలచబడింది. థర్మామీటరు చూస్తే నీళ్ళు కాగుతున్నాయి. అమ్మాజీ తన ఇంటి దోమతెర కోసుకొచ్చి, నాలుగు మడతలేసి, లైట్లకీ నీళ్ళకీ మధ్య కట్టింది. కామాక్షి వచ్చి చూసి, కొత్తింట్లో ఈ పాతగుడ్డలేంటని తన చేత్తోనే లాగి పారేసింది. మర్నాడు మళ్ళీ కట్టింది. మళ్ళీ పారేశారు. అమ్మాజీ ఒక బల్లఫ్యాను తెచ్చి నీళ్ళమీదికి తిప్పింది. దానికెవరూ అడ్డు చెప్పలేదు, ఎందుకంటే దాని గాలి పనివాళ్ళకీ తగులుతోంది.

ఆరో రోజున కొమ్ముల కొసలు తెల్లబడ్డాయి. అమ్మాజీ ఆటో కట్టించుకుని హేచరీ ఆఫీసుకే వెళ్ళింది. బుల్లిరాజు గారు ఒక్కరే ఉన్నారు.

"బాబుగారండీ, చెడిపోతున్నాయండి. కువైట్‌లో చూసేనండి నేను. తెల్లబడ్డం మొదలైంది. ఇప్పుడు ఆపితే కోలుకుంటాయండి, చావలేదు ఇంకా. లైటు పైకెత్తించండి, లేకపోతే రోజుకి ఆరుగంటలే వెయ్యనివ్వండి. మీ కాళ్ళు పట్టుకుంటానండి."

"అబ్బబ్బ, ఆ మాటలెందుకమ్మా," అన్నారాయన. నిజంగానే ఇబ్బంది పడ్డారు. "వారంలో గృహప్రవేశం. ఇప్పుడు వాడి లైట్లు పీకిస్తే వాడికి కోపం, మీ అమ్మగారికి కోపం. ఆ కార్యం కానీ, తర్వాత నువ్వెలా అంటే అలా."

"తర్వాతకి ఉండవండి అవి."

"వారమే కదమ్మా."

వారం! చంటిబిడ్డకి ఊపిరాడ్డం లేదంటే వారమాగమంటాడు ఈ మనిషి. అమ్మాజీ ఆఫీసు మెట్లు దిగుతూ పైకే తిట్టింది. గేటు దగ్గర కూలీలు విన్నారు. విననీ అనుకుంది.

గృహప్రవేశం రోజుకి పంతొమ్మిదీ తెల్లబడ్డాయి. వంకాయరంగుదీ తెల్లబడింది. గాజులోంచి చూస్తే లోపల చర్మం ఇంకా పల్చటి జిగురులా ఉంది, అంటే ప్రాణముంది. అద్దంలా పారదర్శకమైన ఆ ఒంట్లోంచి కింద ఎముక కనపడుతోంది, అంతే. పస్తులతో ఎన్నాళ్ళుంటాయో అన్నాళ్ళు. తెల్లవారుజామునే పాలు పొంగించారు, హోమం అయ్యింది, పదింటికల్లా హాలు చుట్టాలతో నిండిపోయింది. అమ్మాజీ పెట్టె పక్కన గుడ్డ పట్టుకుని నిలబడింది. ఆ రోజు అద్దాల మీద వేలిముద్రలు పడకుండా చూడమన్నారు.

చుట్టాలు పెట్టె ముందుకొచ్చి నోళ్ళు తెరిచారు. నాగబాబు ఫ్లడ్‌లైట్ల కింద ఆ తెలుపు కళ్ళు చెదిరేలా మెరుస్తోంది. ఒకరు మంచుకొండలన్నారు. ఒకరు దేవలోకమన్నారు. తాటిపాక నుంచి వచ్చిన గ్యాస్ ఇంజనీరుగారు ఫొటో తీసుకున్నారు. కామాక్షి పెద్దమ్మ వెంకటరమణమ్మ గారు, ఆ రామేశ్వరం షోకేసావిడ, కళ్ళజోడు సవరించుకుని అద్దానికి ముక్కు ఆనించి చూసింది.

"మాదానికంటే తెల్లగా ఉన్నాయి కదే కామాక్షీ! మొన్న నువ్వేదో బురదరంగన్నావు?"

"అప్పుడలా ఉన్నాయి పెద్దమ్మా. మా అమ్మాజీ తోమింది. కువైట్‌లో ఏడేళ్ళు ఇదే పని. దాని చెయ్యి పడితే మాడిన డేగిసా అయినా వెండిలా తేలుద్ది."

"ఏం పెట్టి తోమేవే అమ్మాయీ?" అందావిడ అమ్మాజీతో. "సబీనా వేసేవా, చింతపండా?"

"లైటింగు కూడా కలిసొచ్చిందండి పెద్దమ్మగారూ," అన్నాడు వెనక నుంచి నాగబాబు.

అందరూ మెచ్చుకోలుగా అమ్మాజీ చేతుల వైపు చూశారు.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో అమ్మాజీకి అప్పుడు తెలిసింది. తిట్టినా ఇంత మండేది కాదు. వాళ్ళు తిట్టలేదు, మెచ్చుకున్నారు. పంతొమ్మిది ప్రాణాలు వాళ్ళ కళ్ళముందు ఆకలితో ఎండుతుంటే, శుభ్రంగా ఉన్నాయన్నారు. ఏడేళ్ళ విద్యని పట్టుకుని సబీనా వేశావా అన్నారు.

"నేను తోమలేదండి," అంది. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "అవి చచ్చిపోతున్నాయండి. వారమైంది అన్నం లేక. మీరు చూస్తున్నది తెలుపు కాదండి, ఎముకలు. నాగబాబుగారి లైట్లు చంపేస్తున్నాయండి వాటిని."

కామాక్షి మొహం నల్లబడింది. పగడాల గురించి కాదు.

"కొత్తింట్లో! పాలు పొంగించిన పూటా! నీ నోట్లోంచి ఆ మాట వస్తదా? చావు, ఎముకలు! ఎవరింటికి ఏం మూడాలని అంటున్నావే?"

"మాటంటే ఇంత భయపడ్డారు. కళ్ళముందు జరుగుతుంటే భయం లేదాండి?" అంది అమ్మాజీ. ఎవరూ ఆపేలోపు మెట్ల కిందకెళ్ళి మెయిను తీసేసింది.

ఫ్యాన్లు ఆగాయి. పందిట్లో సన్నాయి మేళం మైకు మూగబోయింది. ఫ్లడ్‌లైట్లు ఆరాయి. పన్నెండు రోజుల్లో మొదటిసారి ఆ పెట్టె మీద మామూలు పగటివెలుగు, అదీ కిటికీలోంచి వచ్చే నీడ వెలుగు, పడింది. అమ్మాజీ మెయిను బోర్డుకి వీపు ఆనించి నిలబడింది.

"పక్కకి తప్పుకో అమ్మాజీ," అన్నారు బుల్లిరాజు గారు. మెల్లగానే అన్నారు.

"పదిహేను రోజులు మసక వెలుగులో ఉంచండి బాబుగారూ. సగమన్నా బతుకుతాయి. నేను పక్కనే ఉండి చూసుకుంటాను. ఈ ఒక్కసారి నా మాట వినండి. అందులో నీ మాటే మాటని మీరే అన్నారు."

ఆయన ఆమె వైపు చూశారు. చుట్టాల వైపు చూశారు. భార్య వైపు చూశారు. ఇంజనీరుగారి చేతిలో కెమెరా వైపు కూడా చూశారు. చెయ్యి చాపి, అమ్మాజీ భుజం మీదుగా, ఆయనే మెయిను వేశారు. హాలంతా మళ్ళీ తెల్లగా మెరిసింది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

"ఇవాళ్టికి ఇక్కడొద్దమ్మా," అన్నారాయన, ఆమెకి సాయం చేస్తున్నట్టు గొంతు తగ్గించి. "పెరట్లోకి వెళ్ళు. వంటవాళ్ళకి మనుషులు చాలట్లేదు. ఆ అంట్ల దగ్గర కాస్త చూసుకో."

అమ్మాజీ చేతిలో గుడ్డ అక్వేరియం మీద పెట్టింది. పెరటివైపు కాకుండా చుట్టాల మధ్యనుంచి నడిచి వీధి గుమ్మంలోంచే బయటికెళ్ళింది. కొత్త గుమ్మానికి పసుపు తడి ఇంకా ఆరలేదు. చీర కుచ్చిళ్ళకి అంటుకుంది.

ఆ తర్వాత పదమూడు రోజులు ఆమె ఇంట్లోనే ఉంది. ఎవరడిగినా చెప్పలేదు. అన్నం వండుకుని సగం వదిలేసేది. పొద్దున్న లేవగానే, ఈపాటికి కొమ్ములవి పోయుంటాయి అనుకునేది. మర్నాడు, ఈపాటికి బుడగలవి. వేళ్ళలాంటిదొకటి గట్టిది, ఇంకో రెండు రోజులు పెనుగులాడుతుంది. ఆ పెనుగులాట తలుచుకున్నప్పుడల్లా కోపం పొంగుకొచ్చేది. తప్పు చేసినవాడి మీద కోపమొక్కటే అయితే భరించేది. మంచివాడినని పేరు పెట్టుకుని తన చేత్తో మెయిను వేసిన మనిషి మీద కోపం అంతకంటే ఎక్కువగా ఉంది.

పద్నాలుగో రోజు పొద్దున్న బుల్లిరాజు గారి కారు తాటిపాక వీధిలోకొచ్చింది. ఆయన ఒక్కరే దిగారు. అరుగు మీద కూర్చోమని ఆమె అనకుండానే కూర్చున్నారు.

"నాచు పట్టేసిందమ్మా," అన్నారు. "అన్నీ పచ్చగా జిడ్డెక్కిపోయాయి. హాల్లో వాసన. మీ అమ్మగారు ముక్కు మూసుకుంటోంది. నాగబాబేమంటాడంటే, ఆ రోజు నువ్వు మెయిను తీసేవు కదా, ఒక్కసారిగా లైటాగేసరికి షాకు కొట్టిందంట వాటికి..."

"మీరు నమ్మేరా?"

ఆయన అరుగు మీది ఎండుటాకు ఏరి పారేశారు.

"నమ్మేరో లేదో చెప్పండి."

"అదంతా పోనీలేమ్మా. నువ్వొచ్చి ఓసారి తోమేవంటే, మొన్నటిలా తెల్లగా వచ్చేస్తాయి కదా. ఎల్లుండి అమలాపురం నుంచి చుట్టాలొస్తున్నారు."

అమ్మాజీ నవ్వింది. ఆ నవ్వులో సంతోషం లేదు. "దానికి నేనెందుకండి. మీ హేచరీలో బ్లీచింగ్ పౌడరు బస్తాలున్నాయి. ఒక బస్తా కుమ్మరించండి. పాలలా వచ్చేస్తాయి."

"చచ్చిపోవా మరి?"

"ఎవరండీ చచ్చేది?"

బుల్లిరాజు గారికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక తలొంచుకున్నారు. రొయ్యపిల్లలు కోట్ల లెక్కన చచ్చినా చెక్కుచెదరని మనిషి, చేతివేళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు.

"అన్నీనా?"

"అన్నీనండి. పంతొమ్మిదీ."

ఆయన తలెత్తి, మొదటి రోజున అడగాల్సిన మాట అడిగారు.

"ఏ లైటు పెట్టాలంటావు అమ్మాజీ?"

మూడు నెలలుగా ఆమె ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉంది. జవాబు గొంతులోనే ఉంది, ఆపలేకపోయింది. "డబ్బా మీద పదివేలని ఉన్నది తెల్లదొకటండి. నీలం ట్యూబులు రెండండి. పొద్దున్న నీలం ముందు, గంట పోయేక తెల్లది, సాయంత్రం మళ్ళీ నీలం. పదిగంటలు దాటకూడదు. కొత్తవి తెచ్చిన రోజున నాలుగు మడతల గుడ్డ. లైటు నీళ్ళకి దగ్గరగా వద్దు, నీళ్ళు వేడెక్కకూడదు. ఆపైన చీకటి. నిద్రపోవాలండి అవి." ఎవరూ మధ్యలో అడ్డురాలేదు, ఎవరూ నవ్వలేదు. ఆయన బుద్ధిగా, ప్రతి ముక్కకీ తలూపుతూ విన్నారు. ఆ తలూపడం చూసేసరికి ఆమెకి ఒళ్ళంతా మళ్ళీ భగ్గుమంది.

"ఇదంతా బతికున్నవాటికండి," అంది. "మీ హాల్లో ఉన్నవాటికి ఇంత హంగామా అక్కర్లేదు. శవం తలదగ్గర పెడతారు చూడండి ప్రమిద, అది పెట్టుకోండి. చాలు."

బుల్లిరాజు గారు లేచి చెప్పులేసుకున్నారు. కారెక్కారు. అమ్మాజీ కారు మలుపు తిరిగేదాకా కూడా ఆగకుండా లోపలికెళ్ళి తలుపేసుకుంది.